తూర్పుకు తిరిగే వ్యాను

మేము మొట్టమొదట చూసింది ఒక పాత అంబులెన్సు.

బెంగళూరు పక్కన జిగణిలో గ్రానైటు కోసే ఫ్యాక్టరీల వెనక వాడిన బండ్లు అమ్మే యార్డు ఒకటి ఉంది. అక్కడ ఏ బండి మీద చూసినా తెల్లటి రాతిపొడి. వేలితో గీస్తే గానీ కింది రంగు తెలియదు. బ్రోకరు అంబులెన్సు వెనక తలుపులు తెరవగానే నేను ఆగలేక ఎక్కేశాను. లోపల నిటారుగా నిలబడగలిగాను. కొంగు భుజం మీదుగా వెనక్కి వేసుకున్నట్టు చెయ్యి తిప్పి చూశాను. మోచెయ్యి ఎక్కడా తగల్లేదు.

"దొరికింది! ఇదే!" అని అరిచాను. మా ఆయన అప్పటికే బానెట్టు ఎత్తి తల లోపల పెట్టాడు.

మా అత్త మాత్రం తలుపు దగ్గరే ఆగింది. కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని లోపలికి తొంగి చూసి బ్రోకరును అడిగింది.

"ఇందులో పండుకొని పోయినోళ్ళల్లో ఎంతమంది తిరిగొచ్చినారప్పా?"

"అందరూ వచ్చినారవ్వా. రాశి ఉండే, కలిసొచ్చే గాడి ఇది."

"అట్లయితే వాళ్ళకే అమ్ముకో. నేనింకా జబ్బు పడలేదు."

అంతే. అంబులెన్సు కథ అక్కడితో సరి. మా అత్త ఒప్పుకోని వ్యాను మాకు వ్యాను కాదు. ఎందుకో చెబుతాను.

మేము ముగ్గురం. నేను, మా ఆయన, ఆయన తల్లి. మాకు పిల్లలు లేరు. బొమ్మనహళ్ళిలో చాలా ఏళ్ళు భోగ్యం ఇంట్లో ఉన్నాం. బెంగళూరులో ఇది మామూలే. ఇంటివాళ్ళకు ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తాం, నెలనెలా బాడుగ ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వాళ్ళు తిరిగి ఇచ్చేస్తారు. మా ఇంటి ఓనరు పాత ఇల్లు పడగొట్టి అంతస్తులు కట్టాలనుకున్నాడు. ఖాళీ చేయమన్నాడు. సరిగ్గా అప్పుడే మా ఆయన తోలుతున్న కంపెనీ బస్సు కాంట్రాక్టు కూడా చేతులు మారి ఆయన పని పోయింది. ఎలక్ట్రానిక్ సిటీకి ఉద్యోగులను తీసుకెళ్ళి తీసుకొచ్చే బస్సు అది. ఆయన తిరిగిన దారంతా ఒకటే, పొద్దున పోవడం, సాయంత్రం రావడం. "సిల్క్ బోర్డు సర్కిల్లో ట్రాఫిక్కుకు నిలబడిన టైమంతా ఒకచోట పోస్తే కాశీకి పోయి రావచ్చు," అనేవాడు.

వ్యానులో కాపురం పెట్టి తిరుగుదామన్న మాట మొదట నేనే తెచ్చాను. నా బడి చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. మిగిలిందంతా లైబ్రరీ చదువే. గార్మెంటు ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే రోజుల్లో ఆదివారం వస్తే మా ఇంటి దగ్గరి లైబ్రరీలో కూర్చునేదాన్ని. తెలుగు అర ఒక్కటే ఉండేది. అది అయిపోయాక కన్నడ అక్షరాలు పట్టుకున్నాను. అవి చేతికొచ్చాక డిక్షనరీ పక్కన పెట్టుకొని ఇంగ్లీషు అర మీద పడ్డాను. ఆ అరలోనే అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికింది. వ్యానును ఇల్లుగా మార్చుకోవడం ఎలాగో అందులో బొమ్మలతో ఉంది. ఒక బొమ్మలో సముద్రం ఒడ్డున వ్యాను, తెరిచిన తలుపు, లోపల బల్ల మీద ఆవిర్లు కక్కుతున్న గిన్నె. నేను ఆ పేజీ తిప్పలేకపోయాను. ఇంటికి తెచ్చి మా ఆయనకు చూపించాను. ఆయన అక్షరం చదవకుండా బొమ్మనే చాలాసేపు చూసి, "దీన్ని నేను తోలగలను," అన్నాడు.

భోగ్యం డబ్బు చేతికి వస్తుంది. వ్యాను కొనుక్కోవచ్చు. చిన్న కుట్టు మిషను వెంట ఉంటే పోయిన ఊళ్ళో చీరలకు ఫాల్సు కుట్టుకొని నేను కొంత సంపాదించగలను. డ్రైవరు పని ఎక్కడైనా దొరుకుతుంది. ఇక మిగిలింది మా అత్త. ఆమె పుట్టింది పేటలో, అంటే బెంగళూరు పాత ఊళ్ళో, నేతవాళ్ళ ఇంట్లో. జీవితమంతా గోడకు ఎదురుగా కూర్చొని మగ్గం నేసింది. మేము విషయం చెప్పగానే ఆమె గొడవ చేయలేదు, ఏడవలేదు.

"నన్ను వదిలేసి మీరు పోయేటోళ్ళు కాదు. ఆ సంగతి నాకు తెలుసు, బాగా గొత్తు. ఇంక నేను వచ్చేది, నాకు నచ్చిన గాడి అయితేనే," అంది.

"నచ్చకపోతే?" అన్నాను.

"బేగూరులో ఇల్లు చూసినాడు కదా వాడు. అది పట్టుకుందాం."

నిజమే, మా ఆయన జాగ్రత్త కోసం బేగూరులో ఇంకో భోగ్యం ఇల్లు చూసి పెట్టాడు. ఆ ఇంటామె మా జవాబు కోసం కాచుకొని ఉంది. మేము ఇల్లు ఖాళీ చేసేలోపల అత్త సరే అనకపోతే ఆ డబ్బు బేగూరు ఇంటికి పోతుంది. ఇంక మళ్ళీ వ్యాను మాట ఉండదు.

అంబులెన్సు పోయాక బడి పిల్లలను తిప్పిన వ్యాను ఒకటి చూశాం. పసుపు రంగు, శుభ్రమైన ఇంజను. మా అత్తకు ఆ రంగు బాగా నచ్చింది. "పసుపు పూసిన గడప మాదిరి ఉండాది," అని సంబరపడింది. నేను లోపలికి పోయి నడుము వంచుకొని నిలబడ్డాను. నా పుస్తకంలో మంచం కొలత ఉంది, సింకు కొలత ఉంది, కిటికీ కొలత ఉంది. నిలబడే ఎత్తు గురించి మాత్రం 'ఉంటే సౌకర్యం' అని ఒక్క వాక్యం. ఆ రాసినవాళ్ళందరూ ప్యాంట్లు వేసుకునేవాళ్ళు. కూర్చొని కూడా కాళ్ళు దూర్చుకోగలరు. చీర అట్లా కాదు. కుచ్చిళ్ళు పెట్టుకోవాలంటే నిటారుగా నిలబడాలి, చెయ్యి చాచాలి. ఇది ఏ పుస్తకమూ చెప్పకుండా నేనే కనిపెట్టానని నాకు భలే హుషారుగా ఉండింది.

"అత్తా, ఇందులో చీర కట్టుకోవాలంటే పండుకొని కట్టుకోవాల," అన్నాను.

"నైటీ వేసుకో."

"మీరు వేసుకుంటారా?"

"ఛీ! నేనెందుకు వేసుకుంటా?" అని ఆమే ముందు దిగిపోయింది.

మూడోసారి మళ్ళీ జిగణి యార్డుకే పోయాం. బ్రోకరు పొడుగాటి టెంపో ఒకటి తెప్పించి పెట్టాడు. ఏదో ఫ్యాక్టరీ సిబ్బందిని తిప్పినది. సీట్లన్నీ పీకేసి ఉన్నాయి. ఎక్కి చూశాం. ఎంత పొడుగు! నేను ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను, నిజంగా నడిచాను, అడుగులు వేసి. పైకప్పు తల మీద జానెడు దూరంలో ఉంది. మా ఆయన చక్రాల కిందికి దూరి, లేచి, మోకాళ్ళు దులుపుకొని బొటనవేలు పైకెత్తాడు.

మా అత్త మధ్యలో నిలబడి అడిగింది, "తూర్పు ఏ పక్క?"

పొద్దు ముందద్దంలో నుంచి నేరుగా మా ముఖాల మీద పడుతోంది. "ముందు పక్కే అత్తా. బండి తూర్పుకే నిలబడి ఉండాది," అన్నాను.

"మంచిది. గేటు కూడా తూర్పే." ఆమె రొంటిన దోపుకున్న సుద్దముక్క తీసింది. గుర్తులు పెట్టుకోవడానికి ఇంటి దగ్గరి నుంచే తెచ్చుకుంది! "పొయ్యి ఆగ్నేయం."

ఆగ్నేయమంటే తూర్పుకూ దక్షిణానికీ నడుమ ఉన్న మూల. డ్రైవరు సీటు వెనక సరిగ్గా సరిపోయింది. అక్కడ నేను సుద్దతో చదరం గీశాను. నీళ్ళ డ్రమ్ము ఈశాన్యంలో, తలుపు పక్కన. మంచం వెనక భాగంలో అడ్డంగా, తల కుడి పక్కకు పెట్టుకుంటే దక్షిణం. "దక్షిణానికి తల పెడితే ఆయుష్షు," అంది అత్త. కిటికీల పైన పుస్తకాల అర కోసం నేను ఒక పొడుగాటి గీత గీసుకున్నాను. ఆ గీత ఎంత అందంగా ఉండిందో! దిక్కులన్నీ కలిసొచ్చాయని అత్త ముఖం వెలిగిపోయింది. కలిసొచ్చినందుకు నేనూ గర్వపడ్డాను. ముగ్గురిలో ఒక్కరికి కూడా ఇంకో ఆలోచన రాలేదు.

"ఒక రౌండు తోలి చూస్తాం," అన్నాడు మా ఆయన బ్రోకరుతో.

"నేను పండుకొని చూస్తా," అంది అత్త. చాప పరిచి, సుద్దతో గీసిన మంచంలో, గీసిన దిండు మీద తల పెట్టుకొని పడుకుంది. నేను పక్కన కూర్చున్నాను. బండి గేటు దాటింది. ఆనేకల్ రోడ్డు మీద కొంచెం దూరం పోయాక వెనక్కి తిప్పడానికి మా ఆయన తిప్పలు పడ్డాడు. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. అటూ ఇటూ లారీలు ఆగిపోయి హారన్లు. ఎట్లాగో తిప్పాడు. అత్త హాయిగా కళ్ళు మూసుకొని ఉంది. ఉన్నట్టుండి ఒక కన్ను తెరిచింది.

"మే, ఎండ వెనక తలుపులోనుంచి వస్తా ఉండాదే?"

నేను చూశాను. నిజమే. ముందద్దంలో పడాల్సిన పొద్దు వెనకద్దంలో పడుతోంది.

"అట్లంటే ముందు పక్క ఇప్పుడు పడమర," అని నెమ్మదిగా అన్నాను.

"అయితే నా తల?"

నేను వేళ్ళ మీద దిక్కులు లెక్క పెట్టుకునేలోపలే ఆమె తేలు కుట్టినట్టు లేచి కూర్చుంది. "ఉత్తరం! ఉత్తరానికి తల పెట్టి పండుకోనుండానా ఇంతసేపు?"

మా ఆయన బండి పక్కకు ఆపి స్టీరింగు మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకూ నవ్వు ఆగలేదు. యార్డులో నిలబెట్టిన బండికి వాస్తు చూసి, దిక్కులు గీసి, చక్రాల సంగతి ముగ్గురమూ మరిచిపోయాం! జీవితమంతా బండి తోలిన మనిషికి కూడా గుర్తు రాలేదు.

అత్త నవ్వలేదు. "ఇల్లే తిరిగిపోతే మనిషి తల ఎక్కడ పెట్టేది? బేడప్పా, వద్దు. బేగూరు ఇల్లే పట్టుకుందాం."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నా దగ్గరున్న తెలివంతా బయటికి తీశాను. "అత్తా, ఈ ఇల్లు కూడా కదలకుండా లేదు. భూమి తిరుగుతా ఉండాది కదా. దాంతో పాటు మన ఇల్లూ తిరుగుతా ఉండాది."

"తిరగనీ. భూమితో తూర్పు కూడా తిరుగుతాది. అందుకే కదా పొద్దు దినామూ మన వాకిట్లోనే పొడిచేది? నీ వ్యాను తిరిగితే తూర్పు దాంతో వస్తాదా?"

ఆ మాట నన్ను ఎంత కుదిపిందంటే మర్నాడు లైబ్రరీ తెరవకముందే గేటు దగ్గర నిలబడ్డాను. తూర్పు వ్యానుతో రాదు. నిజం. మరి వ్యాను తూర్పు దగ్గరికి పోగలదు కదా! మంచం ఏ పక్కకు బిగించినా ఒకటే. ఆగిన చోట బండిని మనకు కావలసిన దిక్కుకు నిలబెట్టగలిగితే చాలు. అట్ట ఊడిన పుస్తకం మళ్ళీ తీశాను. ముందూ వెనకా చక్రాల మధ్య దూరం ఎంత తక్కువైతే బండి అంత చిన్న జాగాలో తిరుగుతుందని ఒక పేజీలో ఉంది. మొదటిసారి చదివినప్పుడు నాకు పనికిరాదని దాటేసిన పేజీ అది. ఇప్పుడు ఆ పేజీ బంగారంలా కనిపించింది. పొట్టి బండి కావాలి. కానీ ఎత్తు తగ్గకూడదు.

అదే రోజు తెలుగు అరలో ఆచారాల పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఇంకో సంగతి దొరికింది. పడుకునే దిక్కు గురించి పెద్దలు చెప్పిన మాట. సొంతింట్లో అయితే తల తూర్పుకు, అత్తవారింట్లో దక్షిణానికి, ప్రయాణంలో ఉంటే పడమరకు. ఉత్తరానికి మాత్రం ఎప్పుడూ వద్దు. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి అత్తకు చెప్పాను.

"చూసినారా, ప్రయాణం చేసేవాళ్ళకు కూడా పెద్దోళ్ళు ఒక దిక్కు పెట్టినారు!"

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చెయ్యి ఆపలేదు. "మా అమ్మ దక్షిణమనే చెప్పింది. ఉత్తరం వద్దనింది. తక్కినవి చెప్పలేదు." కాసేపు ఏరి, "మనది ఇల్లా, ప్రయాణమా?" అంది.

"మీరే చెప్పండి."

"సుమ్నే, గమ్మున ఉండు. ముందు గాడి చూడనీ."

చూడనీ అంది! వద్దన్న మనిషి చూడనీ అంది! నేను మా ఆయనకు ఫోను చేసి ఎట్లాంటి బండి కావాలో చెప్పాను. పొట్టి, ఎత్తు, ఒక్క తిప్పుకు వీధిలో తిరిగేది.

"తిరిగే జాగా చూసి ఎవరన్నా ఇల్లు కొంటారామే?" అన్నాడు. కానీ నవ్వుతూనే అన్నాడు. వెతికాడు కూడా.

ఆయన తెచ్చినది బేకరీవాళ్ళు బ్రెడ్డు, బన్నులు పంచడానికి వాడిన వ్యాను. పెట్టె ఆకారం, పొట్టిది, పైకప్పు ఎత్తైనది. ఒక పూట తోలి చూసుకోమని ఓనరు తాళాలు ఇచ్చాడట. తలుపు తెరిస్తే ఇంకా బన్ను వాసన వస్తోంది. మా అత్త లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చి, "ఆకలయితా ఉండాది," అంది. నేను చీర పరీక్ష పెట్టాను. కుచ్చిళ్ళు బాగా పడ్డాయి, చెయ్యి గోడకు తగిలీ తగలకుండా పోయింది. పొడవులో మాత్రం కష్టం. రెండు పక్కలా నిలువునా పడుకునే బల్లలు రెండు, ఒకటి అత్తకు, ఒకటి మాకు, మధ్యలో నడిచే దారి. అంతే. పొయ్యి దించుకొని వాడుకునేదే కాబట్టి ఏ మూల కావాలంటే ఆ మూల పెట్టుకోవచ్చని అత్త దాన్ని వదిలేసింది. నా పుస్తకాల అరకే జాగా లేదు. కొలత టేపు పట్టుకొని పైనా కిందా వెతికాను. ఎక్కడా లేదు.

"ఊరూరా లైబ్రరీ ఉండాది కదమ్మే," అన్నాడు మా ఆయన. "కూర్చొని చదివేదానికి కార్డు అడగరని నువ్వే చెప్పినావు."

ఒక్క నిమిషం మనసు చివుక్కుమంది. ఆ పొడుగాటి సుద్దగీత కళ్ళ ముందు మెదిలింది. తరవాత ఊరూరా లైబ్రరీ అన్న మాట మెల్లగా లోపలికి దిగింది. మైసూరులో ఒకటి, మంగళూరులో ఒకటి, నేను పేరు కూడా వినని ఊళ్ళో ఒకటి. ఒక అరకు బదులు అన్ని అరలు! "సరే," అన్నాను.

మా వీధి చివర ఖాళీ సైటు ఒకటి ఉంది. పొద్దు వాలుతున్న వేళ వ్యానును అక్కడికి తీసుకెళ్ళాం. చాప, దిండు తెచ్చి అత్త బల్ల ఉండాల్సిన చోట పరిచాను. దిండు వెనక తలుపు వైపు. వీధిలోని ఆడవాళ్ళు కొందరు వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏందవ్వా, గాడిలో పండుకుంటావా?" అని పక్కింటామె అరిచింది.

"నీ మాదిరి మెట్లెక్కి మూడో ఫ్లోరుకు పోవాల్నా? నా ఇంటికి ఒకటే మెట్టు!" అని అత్త అరిచింది. 'నా ఇల్లు' అంది! కానీ అది గొడవలో నోరు జారిన మాటేమో. నమ్మడానికి భయమేసింది.

"ఎట్ల నిలబెట్టాల మా?" అని సీట్లో నుంచి మా ఆయన అడిగాడు.

అత్త చాప మీద కూర్చొని దిండు తట్టింది. "తల పడమరకు."

పడమర అంటే ప్రయాణం. రెండు నెలలు తిరిగి, నాలుగు ఊళ్ళు చూసి, మళ్ళీ ఒక గోడలున్న ఇంట్లోకి పోవడం. మా దగ్గర అంత డబ్బు ఎక్కడుంది? ఇది కొంటే ఇదే, ఇల్లు పట్టుకుంటే ఇల్లే. మా ఆయన స్టీరింగు తిప్పాడు. వ్యాను ఒక్క ఊపులో తిరిగింది, తిరగలి మాదిరి, సైటు గోడకు తగలకుండా. వెనక తలుపు పడమరకు వచ్చింది. అత్త పడుకుంది. వాలు పొద్దు ఎర్రగా ఆమె నెత్తి మీద పడుతోంది. నేను ఆమె ముఖం చూస్తూ కూర్చున్నాను. ఆమె పైకప్పును చూస్తోంది. దొర్లింది. మోచేతి మీద లేచింది. దిండు సర్దుకుంది. మళ్ళీ పడుకుంది. బయట ఎవరో కొళాయి కట్టేయమని అరుస్తున్నారు.

"తిప్పప్పా," అంది.

"ఎట్లకు?"

"ఆ పక్కకు. పూర్తిగా."

మా ఆయన మళ్ళీ తిప్పాడు. ముందద్దం పొద్దుకు ఎదురుగా వచ్చింది. వ్యాను లోపలంతా ఎర్రబడింది. అత్త కాళ్ళు చాపుకొని, కొంగు ఛాతీ మీదికి లాక్కొని పడుకుంది. ఇంజను ఆగింది.

"మా, ఇది తూర్పు," అన్నాడు మా ఆయన. "తూర్పుకు తల పెట్టినావు."

"ఎవరికి తెలీదప్పా? పొద్దు నాకు కనబడదా?" ఆమె కళ్ళు మూసుకుంది. "ఆ బేగూరు ఇంటామెకు ఫోను చెయ్యి. పాపం, ఇంకా కాచుకోనుంటాది. ఇల్లు దొరికిందని చెప్పు."